కారణం రాయని బోర్డు

మా ఆస్పత్రి కంప్యూటర్ల విభాగానికి ఒక మీటింగ్ గది ఉంది. పన్నెండు కుర్చీలు, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద బల్ల, ఎప్పుడూ ఐదు నిమిషాలు వెనక నడిచే గోడగడియారం. ఆ గదిలో ఇంతవరకు ఒక్క నిర్ణయం జరిగిన పాపాన పోలేదు. మేం తేల్చుకోవలసినవన్నీ వెనకవైపు మెట్ల మీద, మధ్యాహ్నం భోజనం డబ్బాలు కడుక్కున్నాక తేల్చుకుంటాం.

మేమంటే నలుగురం. కేబుళ్ళు చూసే బాబాయ్ అందరిలోకీ పెద్ద; మోకాళ్ళ నొప్పి కనక అట్టడుగు మెట్టు ఆయనది. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పి, ఇప్పుడు మా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఆవిడ పంతులమ్మ. సర్వర్లు చూసుకునేవాడు మౌని. వాడు రోజుకి పది మాటలు దాటి మాట్లాడితే జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూస్తాం. నాలుగోవాణ్ణి నేను, ప్రోగ్రాములు రాస్తాను. వెనకాల నన్ను చిటపట అంటారని నాకు తెలుసు. తాలింపులో ఆవాలైనా నాకంటే కాసేపు ఆగి పేలతాయట.

ఏడాదికి ఒక్క కొత్త పని చేసుకోమని డైరెక్టరు మాకు వదిలేశాడు. మిగతా ఏడాదంతా పాతవాటికి అతుకులు వేయడమే కనక, ఆ ఒక్క పని కోసం నలుగురం పెళ్ళికొడుకుల్లా ఎదురుచూస్తాం. ఏ పని అన్నది మెట్లు తేలుస్తాయి. మెట్లకి రెండు నియమాలున్నాయి. నేను చేరేటప్పటికే ఉన్నాయి, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరి పనికి వాళ్ళు వాదించకూడదన్నది మొదటిది. కాకి పిల్ల కాకికి ముద్దు కనక ఇంకొకరెవరో వకాల్తా పుచ్చుకోవాలి; ఎవరూ పుచ్చుకోకపోతే ఆ పని అక్కడికక్కడే చచ్చినట్టు. రెండోది, వకాల్తా పుచ్చుకున్నవాళ్ళు ఆ పని జరిగే చోట ఒక రోజంతా చేతులు కట్టుకుని కూర్చుని రావాలి. ఇంకో సంగతి నియమం కాదు గానీ అలవాటు: మెట్ల మీద ఎవరూ ఏదీ రాసుకోరు.

ఆ ఏడాది నా పని గెలవాలి. ఎనిమిది నెలలుగా ఇంటి దగ్గర కూర్చుని రాసుకున్నాను. ఆస్పత్రిలో రెండు వందల పది మంచాలున్నాయి. ఎవరికి ఏ మంచం ఇవ్వాలో పెద్ద సిస్టర్ ఒక్కతే, ఒక చెక్కబోర్డు ముందు నిలబడి, ముప్ఫై ఏళ్ళుగా తేలుస్తోంది. ఆ బోర్డు తీసేసి, మంచాలు పంచే బాధ్యత నా ప్రోగ్రాముకి అప్పజెప్పాలన్నది నా పంతం. ఆవిడంటే నాకు పడక కాదు. దాని వెనక కథ ఉంది.

మూడేళ్ళ కిందట, నేనింకా ఈ ఆస్పత్రిలో చేరకముందు, మా నాన్న ఇక్కడే పోయాడు. గడియారాలు బాగుచేసే మనిషి ఆయన. చిన్న ముల్లు తడబడినా వినిపించే చెవి. అలాంటి మనిషికి ముప్ఫై నాలుగో మంచం ఇచ్చారు. అది పక్కతలుపు ఆనుకుని ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి, వేసినప్పుడల్లా ధనామని చప్పుడు. ఆ పంతొమ్మిది రోజుల్లో కిటికీ పక్క మంచం రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ వేరేవాళ్ళకి ఇచ్చారు. నాన్న పోయిన వారానికి రెండు పేజీల ఫిర్యాదు రాశాను. మంచాలు తోచినట్టు పంచుతున్నారని రాశాను. అక్కడితో ఆగానా? సందర్శకుల వేళ ఆరింటికే అయిపోతున్నా నేను పంతొమ్మిది రోజులూ ఏడింటికి పక్కతలుపులోంచి దర్జాగా లోపలికి వచ్చాననీ, అక్కడి కాపలా మనిషి ఒక్కసారైనా తల తిప్పి చూడలేదనీ, ఆయన కాపలా కాస్తున్నది తలుపుకా, గోడకా అనీ కూడా రాశాను. కోపం వస్తే నా కలం నా మాట కూడా వినదు.

తర్వాత ఇక్కడే ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆ బోర్డు నా కళ్ళలో పడ్డ నలుసు.

నా పనికి పంతులమ్మ వకాల్తా పుచ్చుకుంది. అంతకంటే గట్టి వకీలు దొరకదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మౌని సర్వర్ల పనికి ఎవరూ ముందుకు రాలేదు, పాపం. పంతులమ్మ తన పనిని తనే ఉపసంహరించుకుంది. మిగిలింది బాబాయ్‌ది. అది పని అనడానికి కూడా నాకు సిగ్గేసింది. పెద్ద సిస్టర్ బోర్డు ఎదురుగా ఒక కెమెరా పెట్టి, మూడో అంతస్తులో ఒక పాత తెర మీద అది కనిపించేలా చేయాలట. మూడేళ్ళ కిందట సిస్టరే అడిగిందట, పైవాళ్ళు బోర్డు చూడటానికి మాటిమాటికీ మెట్లు దిగక్కర్లేకుండా.

"ఏడాది పని అడిగితే ఒక మధ్యాహ్నం పని చెబుతావేంటి బాబాయ్?" అన్నాను.

"నా కంటికి ఆనింది చెప్పాను అబ్బాయ్. ఎవరైనా పుచ్చుకుంటే పుచ్చుకోండి, లేదంటే పోనీండి."

నేనే పుచ్చుకున్నాను. జాలిపడ్డానని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే, ఎలాగూ ఓడిపోయే గుర్రాన్ని పట్టుకుంటే నా పనికి అడ్డు ఉండదని పుచ్చుకున్నాను.

పంతులమ్మ సోమవారం వెళ్ళి బోర్డు దగ్గర కూర్చుని వచ్చింది. "ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఆవిడ స్టూలు ఎక్కుతూ దిగుతూనే ఉంది. మీ ప్రోగ్రాము రావలసిందే," అంది. గురువారం నా వంతు. నేను ఓడించదలచుకున్న బోర్డు ముందు, గెలిపించడం నాకు ఇష్టం లేని కెమెరా తరఫున వెళ్ళి కూర్చున్నాను. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకున్నాను. చేతులు కట్టుకోవాలన్న నియమం ఉందని తెలుసు, కానీ ఆ పూట వచ్చే రోగులకి నా ప్రోగ్రాముతో కూడా మంచాలు పంచి చూస్తే మజా వస్తుందనిపించింది.

ఆ గది ఎమర్జెన్సీ పక్కన ఉంది. ఒక గోడంతా బోర్డే. రెండు వందల పది ఇత్తడి కొక్కేలు, ఒక్కో కొక్కేనికి మంచం నెంబరు, రోగి ఉంటే పేరు రాసిన అట్ట. ఆ అట్టల మీద మాత్రం చిన్నపిల్లాడి జేబు బోర్లించినట్టు ఏవేవో వేలాడుతున్నాయి. చొక్కా బొత్తాలు, సీసా మూతలు, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, రంగు దారాలు.

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తాడు మెడలో వేసుకుని స్టూలు మీద నిలబడి ఉంది. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళు. నన్ను చూసి, "రండి బాబూ. దేనికీ తగలకుండా కూర్చోండి," అంది.

గంటసేపు ఎవరెవరో వస్తూనే ఉన్నారు. తలుపు తట్టరు, పలకరించరు. వంటాయన వచ్చి ఒక సీసా మూత తగిలించి పోయాడు. లాండ్రీ ఆవిడ ఒక పిన్నీసు తీసి కొంగుకి పెట్టుకుని, ఇంకో అట్టకి నీలం దారం కట్టి పోయింది. లిఫ్టాయన ఒక బొత్తాన్ని తలకిందులు చేసి పోయాడు. నాకు చిర్రెత్తింది.

"సిస్టర్, వీటి అర్థాలు రాసిన పట్టిక ఎక్కడుంది?"

"పట్టికా? కావలసినవాళ్ళకి తెలుసు బాబూ."

"అసలు ఇదంతా ఎవరు తయారుచేశారు?"

"ఎవరూ చెయ్యలేదే. సీసా మూత వంటాయన మొదలుపెట్టాడు, పళ్ళు లేనివాళ్ళకి మెత్తగా వండాలని గుర్తు. రబ్బరు బ్యాండు స్ట్రెచర్ వాళ్ళది. రెండుంటే ఇద్దరు పట్టాలి. బొత్తం లిఫ్టాయనది. తిరగేసి ఉంటే ఆ మనిషికి లిఫ్టంటే భయం, వాలుదారిలో తీసుకురావాలి. ఎవరు తగిలించింది వాళ్ళే తియ్యాలి, అదొక్కటే ఇక్కడ పద్ధతి. నేను చేసిందల్లా ఎవరు ఏం తగిలించినా పీకి పారెయ్యకపోవడమే."

నేను నవ్వాను. లోకువగానే నవ్వాను, ఒప్పుకుంటున్నాను.

పదకొండింటికి ఫోను మోగింది. ఊరి చివర ఫ్యాక్టరీలో పొగ కమ్మిందట, పద్నాలుగు మందిని తెస్తున్నారట. సిస్టర్ ఫోను పెట్టేసి గడియారం చూసింది. "పది నిమిషాలు," అంది తనలో తను.

నేను వేళ్ళు విరుచుకున్నాను. పద్నాలుగు మందినీ ప్రోగ్రాములోకి ఎక్కించాను. నాలుగు సెకన్లలో జవాబు వచ్చేసింది. పాతవాళ్ళలో ఇద్దరిని కదిపితే చాలు, అందరికీ మంచాలు సరిపోతాయి. గర్వంగా తలెత్తి చూశాను.

సిస్టర్ అప్పటికి ఒక్క అట్ట కూడా తియ్యలేదు. బోర్డుకి ఎదురుగా నాలుగడుగులు వెనక్కి నిలబడి, చేతులు నడుము వెనక కట్టుకుని చూస్తోంది. తర్వాత మొదలుపెట్టింది. ఒక అట్ట ఇక్కణ్ణుంచి అక్కడికి, అక్కడిది ఇంకోచోటికి. తడుముకోవడం లేదు. స్ట్రెచర్ మనిషి గుమ్మంలోంచి తల పెట్టి బోర్డు చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నిమిషంలో బయట చక్రాల చప్పుడు మొదలైంది. వంటాయన వచ్చి, చూసి, మూడు మూతలు తగిలించి, "గంజి పెట్టిస్తా," అని వెళ్ళాడు. లాండ్రీ ఆవిడ పద్నాలుగు దుప్పట్లు గుమ్మం ముందు దింపి బోర్డు వైపు చూపు విసిరింది. లిఫ్టాయన వచ్చాడు, చూశాడు, "మొదటి లిఫ్టు వీళ్ళకే ఉంచేస్తా," అన్నాడు. ఎవరూ ఎవరికీ పని పురమాయించలేదు. ఎవరూ ఎవరినీ అడగలేదు. అటు అంబులెన్సు కూత వినబడేసరికి తొమ్మిది మంది పాత రోగులు కొత్త మంచాల్లో సర్దుకుని ఉన్నారు, పద్నాలుగు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి, ఆ నెంబర్ల మంచాల మీద ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. గడియారం చూశాను. తొమ్మిది నిమిషాలు.

అయినా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషిని కదా, గొడవంతా సద్దుమణిగాక లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టాను.

"మీరు తొమ్మిది మందిని కదిపారు సిస్టర్. ఇద్దరితో అయిపోయేది. ఇరవై ఒకటో మంచం ఆవిణ్ణి ఎందుకు లేపారు?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని లాప్‌టాప్ శ్రద్ధగా చూసింది. "భలే చేశారే," అంది మనస్ఫూర్తిగా. "ఆవిడకి నీలం దారం ఉంది బాబూ. మూణ్ణెల్ల కిందట ఆవిడ భర్త మంటల్లో పోయాడు. దుప్పటి మార్చేటప్పుడు లాండ్రీ ఆవిడతో చెప్పుకుని ఏడ్చిందట. పొగ కంపు కొట్టే బట్టలతో నలుగురిని తెచ్చి పక్కన పడుకోబెడితే ఆ మనిషి ఏమైపోవాలి?"

నా ప్రోగ్రాము సరిగ్గా అక్కడే నలుగురిని పడుకోబెట్టింది.

"మరి వచ్చినవాళ్ళలో ఒకాయన్ని విడిగా రెండో అంతస్తులో పెట్టారేం?"

"ఆయన మేస్త్రీ. తలుపు బయట గడియ వేయించింది ఆయనేనని మిగతావాళ్ళు కారాలు మిరియాలు నూరుతున్నారు. స్ట్రెచర్ మనిషి దించేటప్పుడే విన్నాడు. రబ్బరు బ్యాండు మెలిపెట్టి ఉంది చూడండి, విడిగా పెట్టమని."

అలా ఒక్కొక్కటీ అడిగాను. ప్రతిదానికీ జవాబుంది, ప్రతి జవాబూ ఇంకెవరో తెచ్చింది. ఊడ్చే మనిషి తెచ్చినది, ఎక్స్‌రే తీసేవాడు తెచ్చినది, అద్దాలు తుడిచే ముసలమ్మ తెచ్చినది. అరవై డెబ్భై మంది, ఒక్క రోజు కూడా ఒకచోట కూర్చోకుండా, ఎవరూ గీయని ఒక యంత్రాన్ని ముప్ఫై ఏళ్ళుగా కడుతూ ఉన్నారు. నేను రోజూ దాని పక్కనుంచి నడిచాను. ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నాను, ఇంత గొప్పది నా చేత్తో ఒక్కటీ రాయలేదు. నోరు తెరుచుకుని ఆ బొత్తాలనీ మూతలనీ చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు కనబడింది ముప్ఫై నాలుగు. కిటికీ పక్క ఇరవై ఎనిమిది ఖాళీగా ఉంది. అయినా సిస్టర్ ఒక ముసలాయన అట్టని ఇప్పుడే ముప్ఫై నాలుగుకి మార్చింది. ఆ అట్టకి చిన్న తలుపు గొళ్ళెం వేలాడుతోంది.

అంత వరకూ ఉన్న ఆశ్చర్యం ఒక్క క్షణంలో ఆవిరైపోయింది. "ఇదిగో, ఇదే!" అన్నాను, గొంతు లేచింది. "కిటికీ మంచం ఖాళీగా పెట్టుకుని ముసలాయన్ని ఆ తలుపు దగ్గర పడేశారు. దీనికేం చెబుతారు? ఆ చప్పుడులో మనిషి నిద్రపోగలడా?"

"నిద్రకి కష్టమే," అంది సిస్టర్. లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "ఆ గొళ్ళెం కాపలా ఆయనది. ముసలాయనకి ఉన్నది కూతురొక్కతే, ఏదో కొట్లో పని చేస్తుంది, ఏడింటికి గానీ వదలరు. మన గేటు ఆరింటికే మూసేస్తారా? పక్కతలుపులోంచి వస్తే వార్డు దాటకుండా చేరే మంచం అదొక్కటే. ఇంకో రెండడుగులు వేస్తే సూపర్‌వైజర్ కంట్లో పడుతుంది, వెళ్ళగొడతారు. గేటు దగ్గర అలా బతిమాలుకునేవాళ్ళు కనిపిస్తే, కాపలా ఆయన ఎవరి తాలూకో కనుక్కుని వచ్చి గొళ్ళెం తగిలిస్తాడు. నేను ముప్ఫై నాలుగు ఇస్తాను. ఆ తర్వాత వాళ్ళు వచ్చే వేళకి ఆయన గోడవైపు తిరిగి నిలబడతాడు."

ఏడు గంటలు. పక్కతలుపు. గోడవైపు తిరిగిన వీపు. నీలం చొక్కా, భుజం మీద చిరుగు కుట్టిన వీపు, పంతొమ్మిది రోజులు చూశాను.

"సిస్టర్," అన్నాను. "మూడేళ్ళ కిందట ఇదే మంచం గురించి ఒక ఫిర్యాదు వచ్చింది."

"వచ్చింది."

"మిమ్మల్ని అడిగారా?"

"సంజాయిషీ రాయమన్నారు. పొరపాటున ఇచ్చానని రాశాను."

"నిజం రాయొచ్చుగా!"

"రాస్తే? ఆ తలుపుకి తాళం వేయించేవాళ్ళు." ఆవిడ ఒక అట్ట సర్దింది. "కాపలా ఆయన్ని కూడా అడిగారు. మెడ పట్టేసి తల తిప్పలేకపోయానని రాశాడు."

"పంతొమ్మిది రోజులా?"

"పంతొమ్మిది రోజులూనట. నెల్లాళ్ళు మెడకి పట్టీ వేసుకుని తిరిగాడు పాపం, నమ్మించాలి కదా."

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. "ఆ కాగితం రాసినవాణ్ణి నేనే సిస్టర్," అన్నాను.

"తెలుసు నాయనా. నువ్వు ఉద్యోగంలో చేరిన రోజే పేరు చూసి గుర్తుపట్టాను," అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అంది. "మీ నాన్నగారి గడియారం చప్పుడు లేకుండా నడిచేది. నా చేతి గడియారం కూడా చూసి, తొందరగా నడుస్తోందమ్మా, సరిచేస్తానన్నారు."

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని, సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వంటింటి బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచాను.

"అమ్మా, నాన్న ఆ తలుపు పక్క మంచం గురించి నీతో ఏమైనా అనేవాడా?"

"ఏమంటారు రా? కిటికీ దగ్గరికి మారుస్తామని నర్సు ఒకసారి అడిగితే వద్దన్నారు. ఏడింటికి తలుపు చప్పుడైతే అది నువ్వేనని తెలిసేదట. నీ అడుగు గుమ్మం అవతల ఉండగానే పోల్చేవారు. తోడుగా నన్నొక్కదాన్నే ఉండనిచ్చేవారుగా, ఇదిగో వస్తున్నాడు చూడు అనేవారు నాతో."

"నాకు ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు ఆ మంచం పేరెత్తితే చాలు ఇంతెత్తున ఎగిరేవాడివి. చెప్పనిచ్చావా?" అని అమ్మ గిన్నె నా వైపు జరిపింది.

శుక్రవారం మధ్యాహ్నం మెట్ల మీద కూర్చున్నాం. పంతులమ్మ నా పని తరఫున లేచింది. ఎంత బాగా వాదించిందంటే, నా పని అంత గొప్పదని నాకే అప్పుడు తెలిసింది. వేగం చెప్పింది, పొరపాట్లు చెప్పింది, చివరికి బ్రహ్మాస్త్రం తీసింది.

"రెండేళ్ళలో ఆవిడ రిటైరవుతారు. అప్పుడు? ఆ తలలో ఉన్నదంతా ఆవిడతో పాటే ఇంటికి పోతుంది. దీనికి మీ కెమెరా దగ్గర జవాబుందా?"

నెల రోజుల కిందట అదే మాట నేనే ఆవిడకి నూరిపోశాను. ఇప్పుడు నాకే తిరిగి తగిలింది.

"ఆ బోర్డు మీద ఆవిడ పెట్టిన గుర్తు ఒక్కటి కూడా లేదు," అన్నాను. "వెతికి చూశాను. అన్నీ మిగతావాళ్ళవే. ఆవిడ తలలో కాదు, ఆస్పత్రి మొత్తం తలలో ఉంది అది. ఇద్దరు నర్సుల్ని ఇప్పటి నుంచీ ఆవిడ పక్కన నిలబెడితే చూపు అలవాటవుతుంది. కానీ బోర్డు తీసేస్తే లాండ్రీ ఆవిడ నీలం దారం ఎక్కడ కడుతుంది?"

"ప్రోగ్రాములో కట్టొచ్చు. ఏ గుర్తు కావాలంటే ఆ గుర్తు పెట్టుకునేలా మీరే రాశారుగా."

"రాశాను. ప్రతి గుర్తు పక్కన కారణం అని ఒక గడి కూడా పెట్టాను. అది నింపకపోతే ముందుకి పోదు." ఆ గడి పెట్టిన రోజు ఎంత మురిసిపోయానో గుర్తొచ్చింది. మెట్ల మీద ఎవరూ ఏదీ రాసుకోరు కనక గొళ్ళెం సంగతి మొత్తం చెప్పేశాను. నా ఉత్తరం, సిస్టర్ సంజాయిషీ, కాపలా ఆయన మెడపట్టీ, మా నాన్న చెవి, ఏదీ దాచలేదు.

పంతులమ్మ ముక్కు తుడుచుకుంది, కానీ పుచ్చుకున్న వకాల్తా వదిలే మనిషి కాదు. "ఆ గడి ఐచ్ఛికం చేస్తే? నింపినవాళ్ళు నింపుతారు, లేదంటే ఖాళీగా వదిలేస్తారు."

"ఖాళీ గడి కనిపిస్తే ఎందుకు ఖాళీ అని ఎవరో ఒకరు అడుగుతారు మేడమ్. నాలాంటివాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నా పని ఓడిపోతోందని, ఓడిస్తున్నది నేనేనని, ఎనిమిది నెలల సాయంత్రాలు దానికి పోశానని ఆవిడకి తెలుసు. "నేను వాదించగలిగింది వాదించాను," అని మెల్లగా కూర్చుంది.

"కెమెరా," అన్నాడు మౌని. ఆ రోజుకి వాడి మొదటి మాట అదే. పంతులమ్మ చెయ్యెత్తింది. బాబాయ్ తన పనికి తను చెయ్యెత్తకూడదు కనక మోకాళ్ళు రుద్దుకుంటూ ఉండిపోయాడు. నా చెయ్యి అప్పటికే పైన ఉంది.

డైరెక్టరు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. "ఒక కెమెరా, ఒక పాత తెర. ఏడాదంతా ఆలోచించి కొండని తవ్వి ఎలుకని పట్టారన్నమాట."

"తవ్వబోయి ఆగాం సార్," అన్నాడు బాబాయ్. "కొండ మంచిది సార్."

ప్రయోజనం అన్న చోట నేను ఒకటే ముక్క రాశాను: మూడో అంతస్తు వాళ్ళు మెట్లు దిగక్కర్లేదు. డైరెక్టరు ఇంకేదో అడగబోయి, మా నలుగురి మొహాలు చూసి, సంతకం పెట్టేశాడు.

మరుసటి బుధవారం నేనూ బాబాయ్ కెమెరా బిగించాం. బోర్డు తప్ప ఇంకేదీ కనిపించకుండా, గది తలుపు అసలే పడకుండా, కోణం మూడుసార్లు సరిచూసుకున్నాను. పైన తెర వెలగగానే మూడో అంతస్తు వాళ్ళందరూ పనులు ఆపి దాని ముందు గుమిగూడారు. మెట్లు దిగి రోజూ చూసేదే, అయినా కొత్తగా చూస్తున్నట్టు చూశారు. ఆయాసపడే ముసలి ఆయా ఒకావిడ తెరకి దగ్గరగా వెళ్ళి, ఒక అట్ట మీద వేలు పెట్టి, "ఇది నేను కట్టిందే," అని పక్కవాళ్ళకి చూపించింది.

పరికరాలు సర్దుకుని కిందికి దిగేసరికి ఏడు కావస్తోంది. మెయిన్ గేటు వైపు వెళ్ళకుండా పక్కతలుపు దారి పట్టాను. కాపలా ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అదే నీలం చొక్కా, భుజం మీద అదే కుట్టు. ఏదో చెప్పాలని నిలబడ్డాను. క్షమించమని అడగాలో, దణ్ణం పెట్టాలో, మీ మెడ ఎలా ఉందని అడగాలో తేలలేదు.

"ఏంటి సార్, ఏమైనా కావాలా?" అన్నాడాయన.

నేను నోరు తెరిచేలోపు సందు మలుపు నుంచి పరుగు చప్పుడు వినిపించింది. కొట్టు యూనిఫాం కూడా మార్చుకోని ఒక అమ్మాయి, చేతిలో సంచీ, రొప్పుతూ వస్తోంది. నా మెడలో ఆస్పత్రి కార్డు చూసి ఠక్కున ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు.

కాపలా ఆయన నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత లేచి నిలబడి, గోడవైపు తిరిగాడు.

నేను కూడా తిరిగాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఆ గోడనే చూశాం. రెండు చోట్ల పెచ్చు ఊడింది, పైన ఒక సన్నని బీట ఉంది. వెనక అడుగులు గబగబా దాటాయి. తలుపు ధనామంది. లోపల ముప్ఫై నాలుగో మంచం మీద ఎవరో ముసలి గొంతుతో, "ఇదిగో, వచ్చేసింది," అన్నారు.